కర్కాటక రాశిలో కొలిమి

అమెరికావారి నాసా సంస్థ కొన్నేళ్ల క్రితం ఒక సరదా పని చేసింది. రైల్వేవారు వెనుక ఊటీకీ, కాశ్మీరానికీ రంగురంగుల గోడపటాలు వేయించినట్టే, ఎవరూ ఎన్నడూ పోని, పోలేని గ్రహాలకు యాత్రా ప్రకటనలు వేయించి పంచిపెట్టింది. వాటిలో ఒకటి నిప్పులు చెరుగుతున్నట్టుంటుంది. కనుచూపు మేర కరిగిన రాతి సముద్రం, పైన మిలమిలలాడే ఆకాశం, గాజుబుడగ వంటి వాహనంలో విహారం! ఆ చోటి పేరు 55 కాంక్రి ఇ.

ప్రయాణానికి ముందు ఎవరైనా విచారించుకునేవి మూడు: దారి ఎటు, బస ఎక్కడ, వాతావరణం ఎలా ఉంటుంది. మొదటి రెండింటికీ సమాధానం తేలికే. దారి తెలుసు, పోలేము. బస మాట అడగనే అక్కరలేదు. చిక్కల్లా మూడోదానితోనే వచ్చింది. మన భాషలో వాతావరణమంటే ఎండా వానా అనే అర్థం ఒకటి, గ్రహాన్ని చుట్టి ఉండే గాలిపొర అనే అర్థం మరొకటి. ఆ గ్రహం మీద ఎండ సంగతి అందరికీ తెలుసు. గాలి ఉన్నదా లేదా అన్నదాని మీద మాత్రం శాస్త్రజ్ఞులు పదేళ్లకు పైగా తర్జనభర్జన పడుతూ వచ్చారు; పేచీ ఇంకా పూర్తిగా తెగలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఆ గాలి కథే. అయితే ఊరు చూడకుండా ఊరి గాలి గురించి మాట్లాడడం భావ్యం కాదు కనుక ముందు దారి పడదాం.

కర్కాటక రాశి మనవాళ్లకు కొత్త కాదు. ఆకాశంలో చూస్తే మటుకు అది బహు పేదరాశి. పడమట పునర్వసు జంట, తూర్పున మఖ, రెంటి మధ్యా ఏమీ లేదా అన్నట్టుండే చోటే కర్కాటకం. పుష్యమి నక్షత్రం ఇక్కడిదే. ఆషాఢంలో పుష్యమి కార్తె నాటికి సూర్యుడే అక్కడికి చేరతాడు గనుక ఆ రోజుల్లో ఈ రాశి కనబడదు. చూడవలసింది మాఘ ఫాల్గుణాల్లో. శివరాత్రి జాగారం చేసేవారికి ఇంతకంటె మంచి అదను లేదు. చంద్రుడి వెలుగు ఉండదు, రాత్రి పది పదకొండు గంటల వేళకు కర్కాటకం ఇంచుమించు నడినెత్తికి వస్తుంది. పునర్వసు జంటలో ఎక్కువ కాంతిగల చుక్కను పట్టుకుని, చెయ్యి చాచి, అక్కడినుంచి తూర్పుగా పిడికిలిన్నర దూరం కొలవండి. ముందు ఒక మోస్తరు చుక్క తగులుతుంది. దాని పక్కనే, ఇంకొంచెం తూర్పున, ఉన్నదో లేదో అన్నట్టు మినుకుమనేదే మన గమ్యమైన నక్షత్రం, 55 కాంక్రి. దీపాలు లేని పల్లెలో, కంటిజబ్బు లేనివారికి, వట్టి కంటికి అందీ అందనట్టుంటుంది. పట్నవాసులకు చిన్నపాటి బైనాక్యులర్ తప్పదు. గ్రహం మాత్రం ఎవరికీ ఎందులోనూ విడిగా కనబడదు. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది.

దూరం 41 కాంతి సంవత్సరాలు. కిలోమీటర్లలో చెబితే సుమారు 390 లక్షల కోట్లు. ఈ అంకె విని ఎవరికీ ఏమీ తోచదు, నాకూ తోచదు. మరోలా చెబుతాను. మనిషి చేసిన వస్తువుల్లో అన్నిటికంటె దూరం పోయిన వాయేజర్ 1 నౌక సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతున్నది. ఆ వేగంతో అక్కడికి చేరాలంటే ఏడు లక్షల ఏళ్లు దాటుతుంది. కాంతికి 41 ఏళ్లు చాలు. అంటే శివరాత్రినాడు మీ కంటికి తగిలే ఆ వెలుగు, నలభై ఏళ్లు దాటినవారికి తాము ఉయ్యాలలో ఉన్ననాడు బయలుదేరిన వెలుగన్నమాట. అంత దగ్గర! నక్షత్రాల లెక్కలో ఇది పక్కవీధే.

పేరు కథ కొంచెం తమాషాగా ఉంటుంది. 2015లో అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సమాఖ్యవారు ఇలాంటి గ్రహాలకు మామూలు పేర్లు పెట్టే ఉత్సవం ఒకటి జరిపారు. ఈ కుటుంబానికి పేర్లు సూచించినవారు డచ్చి దేశపు ఖగోళ ప్రియులు. నక్షత్రానికి కోపర్నికస్ అనీ, దాని చుట్టూ తెలియవచ్చిన అయిదు గ్రహాలకు గెలీలియో, బ్రాహే, లిపర్‌హే, జాన్సెన్, హారియట్ అనీ పెట్టారు. మన నిప్పుగ్రహం జాన్సెన్ అయింది. ఈ పేరు వినగానే గుంటూరు చరిత్ర తెలిసినవారి చెవులు నిక్కబొడుచుకుంటాయి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు, దాన్ని చూడడానికి ఫ్రాన్సునుంచి గుంటూరు దాకా వచ్చిన శాస్త్రజ్ఞుడి పేరూ జాన్సెనే కదా! కాని ఆయన కాదు. గ్రహానికి పెట్టింది జకారియాస్ జాన్సెన్ పేరు. నాలుగు వందల ఏళ్ల నాడు మిడిల్‌బర్గ్ అనే డచ్చి పట్నంలో కళ్లద్దాలు చేసి అమ్ముకున్న మనిషి. దుర్భిణిని కనిపెట్టింది తన తండ్రేనని ఆయన కొడుకు తరవాత చెప్పుకున్నాడుగాని, 1608లో దానికి పేటెంటు కోసం అర్జీ పెట్టినవాడు అదే పట్నంలోని లిపర్‌హే. తగవు తెగక ఇద్దరికీ చెరొక గ్రహం ఇచ్చి రాజీ కుదిర్చినట్టున్నారు. పైగా మన జకారియాస్ దొంగనాణేలు పోయించిన నేరానికి శిక్షపడ్డవాడు కూడా.

నన్నడిగితే ఆ గ్రహానికి గుంటూరు వచ్చిన జాన్సెన్ పేరే తగి ఉండేది. ఊరికే మనవైపు వచ్చాడనే అభిమానంతో అనడం లేదు, కారణం ఉన్నది. ఆనాడు గ్రహణ సమయంలో సూర్యబింబం అంచున లేచిన ఎర్రని జ్వాలల కాంతిని ఆయన పట్టకంతో రంగులుగా విడదీసి, ఆ జ్వాలల్లో ఉన్నది మండే హైడ్రోజన్ వాయువని అక్కడికక్కడే చదివేశాడు. గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, వీటిని గ్రహణం లేకుండా కూడా చూడవచ్చునని ఆయనకు తోచింది. మర్నాడే చూశాడు. మనిషి కాలు పెట్టలేని చోట ఏ వాయువున్నదో కాంతిని బట్టి చదవడమనే విద్య అప్పటికి కొత్త. ఆ విద్యే లేకపోతే 55 కాంక్రి ఇ గురించి ఇవాళ మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఉండేది కాదు.

ఇక ఊరు. గ్రహం అడ్డుకొలత 24 వేల కిలోమీటర్లు, భూమికి ఇంచుమించు రెట్టింపు. బరువు మాత్రం ఎనిమిది భూముల పెట్టు. అరవై కిలోల మనిషి అక్కడ నిలబడితే, నిలబడగలిగితే, నూట ముప్ఫై ఆరు కిలోలు తూగుతాడు. ఇది తన నక్షత్రానికి 23 లక్షల కిలోమీటర్ల దూరంలో తిరుగుతున్నది. మన సూర్యుడికి అందరికంటె దగ్గరివాడని పేరుపడ్డ బుధుడు ఉన్నది 580 లక్షల కిలోమీటర్ల దూరాన. అందులో ఇరవై అయిదో వంతు దూరంలో ఒక గ్రహాన్ని ఊహించుకోండి. ఇంత దగ్గర ఉన్నదానికి నెమ్మదిగా తిరగడం కుదరదు; సెకనుకు రెండు వందల పాతిక కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పరుగెత్తి, 17 గంటల 40 నిమిషాల్లో ఒక ప్రదక్షిణం పూర్తిచేస్తుంది.

అంటే అక్కడి సంవత్సరం పదిహేడు గంటల నలభై నిమిషాలే! మనకు ఒక ఉగాది వచ్చేలోగా అక్కడ 496 ఉగాదులు వెళ్లిపోతాయి. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై సంవత్సరాల చక్రం నలభై నాలుగు రోజుల్లో ఒకసారి తిరిగివస్తుంది. పురిటి బిడ్డకు రెండో నెల నడుస్తుండగానే షష్టిపూర్తి చేయవలసి వస్తుంది. పంచాంగకర్తలకు చేతినిండా పనే.

పని అంతా సంవత్సరాలతోనే, తిథి వారాలతో కాదు. ఎందుకంటే అక్కడ పొద్దు పొడవడం, కుంకడం అనేవి లేవు. చంద్రుడు ఎల్లప్పుడూ ఒకే ముఖం మనవైపు ఉంచినట్టు, ఇంత దగ్గర తిరిగే గ్రహం ఒకే ముఖం నక్షత్రంవైపు పెట్టి ఉండిపోతుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఒకవైపు శాశ్వతమైన పగలు, రెండోవైపు శాశ్వతమైన రాత్రి. పగటివైపు నిలిచి పైకి చూస్తే సూర్యుడు కదలడు. మన సూర్యబింబానికి అరవై రెట్లకు పైగా వెడల్పుగల బింబం ఆకాశంలో ఎక్కడిదక్కడ నిలిచి ఉంటుంది. అక్కడ పడే ఎండ మన ఎండకు రెండువేల రెట్లు దాటుతుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన సామెత. రెంటచింతలలో ఎండ నలభై అయిదు డిగ్రీలు దాటిందంటే పత్రికల్లో వార్త అవుతుంది. ఇక్కడ రోళ్లు పగలవు, కరుగుతాయి. పగటివైపు వేడి, చాలా లెక్కల్లో, 1,500 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతంలోనో అంతకు పైనో ఉన్నది. ఇనుము నీరయ్యే వేడి అది. కనుక ఆ వైపు ఉన్నది నేల అనడానికి లేదు, కుతకుతలాడే రాతిద్రవం. దాని ఒడ్డు ఎక్కడ, రాత్రివైపు ఎంతదాకా పాకివుంది అన్నది ఊహించవలసిందే. రాయి కరగడమే కాదు, కొంత ఆవిరి కూడా అవుతుందనీ, ఆ ఆవిరి చల్లని వైపుకు పోయి మేఘమై, తిరిగి రాతిచినుకులుగా కురవవచ్చుననీ కొందరి ఊహ. నాసావారి గోడపటంలో ఆకాశం మిలమిలలాడడానికి ఆధారం ఇదే.

ఇదంతా ఎవరు చూసివచ్చి చెప్పారని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిందే. కథ 2004లో మొదలవుతుంది. గ్రహం తిరుగుతుంటే దాని లాగుడుకు నక్షత్రం కూడా రవ్వంత ఊగుతుంది. టెక్సాసులోని హాబీ–ఎబర్లీ టెలిస్కోపుతో ఆ ఊగిసలాటను నెలల తరబడి కొలిచి, బార్బరా మెకార్థర్ అనే ఆమే, ఆమె సహచరులూ ఇక్కడొక గ్రహం ఉన్నదని ప్రకటించారు. దాని ప్రదక్షిణకు 2.8 రోజులు పడుతుందన్నారు. గ్రహం ఉన్న మాట నిజం. 2.8 రోజుల మాట నిజం కాదు. ఈ తేడా ఎలా వచ్చిందో గానుగ దగ్గరకు పోయి చూస్తే చక్కగా బోధపడుతుంది.

ఒక గానుగ ఎద్దు పదిహేడు గంటల నలభై నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతున్నదనుకుందాం. మీరు రోజుకొక్కసారి, దీపాలు పెట్టే వేళకు మాత్రమే పోయి చూస్తారు. నిన్న రోటికి తూర్పున ఉన్న ఎద్దు ఇవాళ మూడోవంతు చుట్టు అవతల కనిపిస్తుంది. నిజానికది ఈలోపల ఒక పూర్తి చుట్టు తిరిగి, ఆపైన మూడోవంతు పైచిలుకు నడిచింది. పూర్తి చుట్టు మీరు చూడలేదు గనుక, పాపం, ఎద్దు రోజంతటికీ మూడోవంతే నడిచిందనుకుంటారు. చుట్టు తిరగడానికి దానికి మూడు రోజులకు కొంచెం తక్కువ పడుతుందని లెక్క వేస్తారు. టెలిస్కోపులకు రాత్రి మాత్రమే పని గనుక వాటి చూపూ ఈ దీపాల వేళ చూపే. 2010లో రెబెకా డాసన్, డేనియల్ ఫాబ్రికీ అనే ఇద్దరు పాత కొలతలనే మళ్లీ ముందు వేసుకుని, ఎద్దు చాటుగా ఒక చుట్టు తిరుగుతున్నదని పట్టుకున్నారు. కొత్తగా ఒక్కరాత్రి కూడా ఆకాశం చూడనవసరం లేకపోయింది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటె నచ్చిన ఘట్టం ఇదే.

దీని ఫలితం పెద్దది. అంత దగ్గర తిరిగే గ్రహం మన కంటికీ నక్షత్రానికీ అడ్డంగా వచ్చే అవకాశం బాగా ఎక్కువ. అడ్డం వస్తే నీడ పడుతుంది. 2011 ఫిబ్రవరిలో కెనడావారి మోస్ట్ అనే ఉపగ్రహం ఈ నక్షత్రాన్ని రెండు వారాలు కన్నార్పకుండా చూసింది. పెట్టెంత ఉపగ్రహం, దాని అద్దం వెడల్పు పదిహేను సెంటీమీటర్లు, ఫలహారం పళ్లెమంత. ప్రతి 17 గంటల 40 నిమిషాలకూ నక్షత్రకాంతి మూడువేలలో ఒక పాలు తగ్గి, మళ్లీ పెరగడం అది పట్టింది. ఆ ఏడే స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపు కూడా ఆ మాటే చెప్పింది. ఎంత కాంతి తగ్గిందో తెలిస్తే గ్రహం సైజు తెలుస్తుంది. సైజూ బరువూ తెలిస్తే సాంద్రత తెలుస్తుంది. అది రాయీ ఇనుమూ గల గ్రహమే తప్ప గురుడి వంటి వాయుగోళం కాదని అలా నిశ్చయమైంది. కాని రాయీ ఇనుమే అయితే ఉండవలసినదానికంటె రవ్వంత లావుగా ఉన్నది. ఆ లావు ఎక్కడిది? పైన గాలిపొర ఏమైనా ఉన్నదా? పేచీకి అంకురం ఇక్కడే పడింది.

ఈలోగా వజ్రాల గొడవ ఒకటి వచ్చింది. 2012లో నిక్కు మధుసూదన్ అనే మన దేశస్థుడు, వారణాసి ఐ.ఐ.టి.లో చదివి అప్పటికి అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్నవాడు, తన సహచరులతో కలిసి ఒక వ్యాసం రాశాడు. ఆ నక్షత్రంలో ఆక్సిజన్ కంటె కార్బన్ ఎక్కువ ఉన్నట్టు అంతకుముందు ఎవరో కొలిచారు. తల్లిలో ఉన్నదే పిల్లలోనూ ఉన్నట్లయితే ఈ గ్రహంలో కార్బన్ దండిగా ఉండాలి. అంతటి ఒత్తిడిలో అది వజ్రమై ఉండవచ్చు. గ్రహం బరువులో మూడోవంతు దాకా కూడా వజ్రమే కావచ్చు. ఇదీ ఆయన వాదన. ఇంకేమున్నది, ప్రపంచమంతా పత్రికలు వజ్రాల గ్రహమని మోత మోగించాయి. తొలకరి పడగానే వజ్రకరూరు పొలాల్లో తల వంచుకుని వజ్రాలు ఏరేవారి ఆశ మనకు తెలుసు. ఇక్కడ మూడు భూముల బరువు వజ్రం!

మరుసటి ఏడే, 2013లో, జొహానా టెస్కీ అనే ఆమె బృందం ఆ నక్షత్రకాంతిని తిరిగి పరిశీలించి, అందులో కార్బన్ ఆక్సిజన్‌కంటె తక్కువే ఉన్నదని తేల్చింది. పునాది రాయి కదిలింది. మేడ నిలిచే ఆశ సన్నగిల్లింది. అయినా వజ్రాల గ్రహమనే పేరు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నది. తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి కనుక నాకు తోచిందొకటి చెబుతాను. మధుసూదన్ రాసింది ‘కావచ్చు’ అని. పత్రికలు అచ్చువేసింది ‘అయినది’ అని. మన భాషలో ‘వచ్చు’ అన్నది రెండక్షరాల మాట. శాస్త్రజ్ఞులు ప్రతి వాక్యం చివరా దాన్ని ఎంతో ఖర్చుపెట్టి కొనుక్కుంటారు. పత్రికలవారు జాగా చాలదని ముందుగా కత్తిరించేది దాన్నే. ఆ తప్పు శాస్త్రం మీద రుద్దడం అన్యాయం.

గాలి సంగతికి వద్దాం. గ్రహం నక్షత్రం ముందుకు వచ్చినప్పుడు నీడ పడినట్టే, వెనక్కి పోయినప్పుడు కూడా కాంతి పిసరంత తగ్గుతుంది. ఎందుకని? వెనక్కి పోకముందు మనకు వచ్చేది నక్షత్రకాంతీ, కాలుతున్న గ్రహం విడిచే కాంతీ కలిసి. వెనక్కి పోయాక నక్షత్రానిది మాత్రమే. చంటిబిడ్డ తూకపు యంత్రం మీద నిలవదు గనుక తల్లి ఎత్తుకుని ఒకసారి, దించి ఒకసారి తూగి, తేడా చూసుకున్నట్టన్నమాట. ఇక్కడ తల్లికీ బిడ్డకూ ఉన్న తేడా పదివేలకు ఒకటి. ఆ ఒక్క పాలు కాంతిలో గ్రహం ఎంత వేడిగా ఉన్నదో, దాని పైన ఏమున్నదో చదవాలి.

ఆ చదువు ఒక్క పట్టున సాగలేదు. 2012లో హబుల్ టెలిస్కోపుతో చూసినవారికి గ్రహం నుంచి హైడ్రోజన్ కారిపోతున్న జాడ కనబడలేదు. 2016లో అదే హబుల్‌తో చూసిన మరొక బృందం హైడ్రోజన్ దండిగా గల గాలి ఉన్నదన్నది. 2016లోనే స్పిట్జర్ కొలతలతో గ్రహం వేడికి ఒక పటం గీశారు: పగటివైపు 2,400 డిగ్రీలు, రాత్రివైపు 1,100. పైగా అత్యంత వేడి చోటు నడిమధ్యన కాక తూర్పుకు జరిగి ఉన్నదనీ, గాలి ఉన్నందువల్లనే అలా జరిగి ఉండవచ్చుననీ భావించారు. 2022లో ఆ కొలతలనే మరొకరు తిరగదోడితే, పగటి వేడి ఇంకా ఎక్కువ తేలింది. తూర్పు జరుగుడు ఇంచుమించు మాయమైంది. ఉన్నదన్నవారూ లేదన్నవారూ ఒకే అంకెలు ముందు పెట్టుకుని మాట్లాడుతున్నారు. వకీళ్లు అయితే ఫీజులు పుచ్చుకుని మరో వాయిదాకు పోయేవారు.

2021లో ఆకాశానికి ఎక్కిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు రంగంలోకి దిగాక బేరం ఒక కొలిక్కి వచ్చింది. అది చూసేది ఎరుపుకు ఆవలి వేడికాంతిని. రెన్‌యూ హూ అనే శాస్త్రజ్ఞుడూ, ఆయన సహచరులూ 2024 మేలో నేచర్ పత్రికలో వెలువరించిన ఫలితం ఇది. గాలి లేని రాతిగుండు అయితే పగటివైపు సుమారు 2,200 డిగ్రీల వేడి ఉండాలి. వెబ్ కొలతలో 1,540 మాత్రమే ఉన్నది. పగటివైపు వేడిని ఏదో మోసుకుపోయి రాత్రివైపు పోస్తున్నది. కరిగిన రాయి పారి కొంత మోయవచ్చుగాని, ఇంత మోయలేదు, గాలి కావాలి. అదిగాక నాలుగు, అయిదు మైక్రానుల మధ్యనున్న కాంతి కొంత లోపించింది. ఆ పట్టీ కాంతిని తినేవి బొగ్గుపులుసు గాలి అని మన పెద్దలు పిలిచిన కార్బన్ డయాక్సైడూ, దాని తమ్ముడు కార్బన్ మోనాక్సైడూ. ఆ రెంటిలో ఒకటి గాని, రెండూ గాని ఆ గ్రహాన్ని చుట్టి ఉన్నాయని వారి నిర్ణయం. గుంటూరులో సూర్యజ్వాలలను చదివిన విద్యతోనే 41 కాంతి సంవత్సరాల అవతలి గాలిని చదివారు.

ఇంత కొలిమిలో గాలి ఎలా నిలిచింది? గ్రహం పుట్టినప్పుడు దాని చుట్టూ ఉన్న మొదటి గాలి ఏనాడో ఎగిరిపోయి ఉంటుంది. అంత దగ్గరి నక్షత్రం దాన్ని ఉండనివ్వదు. ఇప్పుడున్నది కరిగిన రాతినుంచి బుడబుడమంటూ పైకి వచ్చినది. పైనుంచి పోయేది పోతుంటే కిందినుంచి వచ్చేది వస్తున్నది. చిల్లుకుండలో నీరు నిలవాలంటే పై ధార ఆగకూడదు. ఈ నక్షత్రం వయస్సు వెయ్యి కోట్ల సంవత్సరాల ప్రాంతమని అంచనా. మన సూర్యుడికి రెట్టింపు. అంతకాలంగా ఆ ధార ఆగలేదంటే సామాన్యమైన సంగతి కాదు.

శాస్త్రజ్ఞులకు ఈ నిప్పుముద్ద మీద ఇంత మోజు ఎందుకంటే కారణం ఇక్కడే ఉన్నది. సుమారు 450 కోట్ల ఏళ్ల కిందట మన భూమి కూడా ఇలాగే కరిగిన రాతి సముద్రం. ఆ సముద్రం నుంచి వెలువడిన ఆవిరులే మన తొలి గాలి. ఆ ఆవిరులు నిలవకపోయి ఉంటే ఆ తరవాత వాన లేదు, సముద్రం లేదు, ఈ పత్రికా లేదు. భూమి ఆ దశను దాటిపోయి దాని ఆనవాళ్లను తానే చెరిపేసుకున్నది. 55 కాంక్రి ఇ మీద ఆ పని ఇవాళ కూడా కళ్లముందు జరుగుతున్నది. మంటకు ఇంత దగ్గరగా ఉన్న రాయి కూడా తన ఊపిరి నిలుపుకోగలిగిందీ అంటే, ఇంతకంటె చల్లని చోట ఉన్న చిన్న గ్రహాల మీద ఆశ పెట్టుకోవచ్చు. ఇది కూడా నిలుపుకోలేదని తేలితే ఆ ఆశకూ కొంత కోత పడుతుంది.

పూర్తిగా తెగలేదన్నాను కదా. 2024లోనే వెబ్ కొలతలతో వెలువడిన మరొక పరిశీలనలో, గ్రహం నుంచి వచ్చే వేడికాంతి ఒకసారి చూసినట్టు మరొకసారి లేదని తేలింది. వారం తేడాలో చూసినా హెచ్చుతగ్గులే. ఒకనాడు మండిపోతున్నట్టు, మరొకనాడు చల్లబడ్డట్టు. కిందినుంచి వాయువులు ఒక్కసారిగా ఎగజిమ్మినప్పుడు రాతిమేఘం కమ్మి చల్లబడుతుందనీ, మేఘం విడిపోగానే మళ్లీ కాగుతుందనీ ఒక ఊహ. వేరే ఊహలూ ఉన్నాయి. ఏది ఒప్పో చెప్పడానికి ఇంకా చాలాసార్లు చూడాలి. వాతావరణమన్న మాటకు మనకున్న రెండో అర్థం కూడా ఆ గ్రహానికి పట్టేట్టున్నది. అక్కడ గాలి ఉన్నది. ఆ గాలిలో ఎండా మబ్బూ మారుతున్నట్టూ ఉన్నది.

ఆ నక్షత్రానికి మనం ఒక ఉత్తరం కూడా రాసి ఉన్నాం. 2003 జూలై 6న క్రిమియాలోని యెవ్పతోరియా రేడియో టెలిస్కోపు నుంచి, డెబ్బై మీటర్ల వెడల్పుగల పళ్లెంతో, 55 కాంక్రి వైపు ఒక సందేశం పంపారు. అందులో మన అంకెలు, లెక్కలు, మనమెవరమన్న పరిచయం, మామూలు జనం రాసి ఇచ్చిన మాటలూ ఉన్నాయి. అప్పటికి ఈ నిప్పుగ్రహం ఉన్నదని ఎవరికీ తెలియదు. మరుసటి ఏటగాని తెలియలేదు. ఆ ఉత్తరం సగం దారి దాటింది. 2044 మే నెలలో చేరుతుంది. నక్షత్రానికి కొంచెం దూరాన తిరిగే హారియట్ గ్రహానికి చంద్రుళ్లుండి, వాటిలో దేనిమీదైనా చదివేవారు ఉండి, వెంటనే కలం పట్టుకుంటే, జవాబు మనకు 2085లో అందుతుంది.